‘తే’కీ ‘తేనే’కీ మధ్య

మా ఇంట్లో పాత శుభలేఖలు పారేయడం అలవాటు లేదు. వెనకవైపు తెల్లగా ఉంటే పాల లెక్కకో, చాకలి పద్దుకో పనికొస్తుందని దాచిపెడతాను. మొన్న సెలవులకి వచ్చిన మా మనవడు వాటిలోంచి ఒక మందపాటి అట్ట తీసి, నాలుగు ముక్కలు చేసి, రెండువైపులా ఏదో రాసి బల్ల మీద పరిచాడు.

“అమ్మమ్మా, ప్రతి ముక్కకీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉన్నాయి. నేనొక మాట చెబుతాను. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది.’ ఈ నాలుగు ముక్కల విషయంలో నా మాట నిజమో అబద్ధమో తేల్చాలి. తిప్పక తప్పని ముక్కలే తిప్పాలి. ఏవి తిప్పుతావు?”

పైకి కనిపిస్తున్నవి ఇవీ: అ, క, 4, 7.

ఇదేం బ్రహ్మవిద్య అనుకుని “అ, 4” అనేశాను. పక్కన పేపరు చదువుకుంటున్న మావారు కళ్ళజోడు సర్దుకుని చూసి “అంతే కదా, అ, 4” అన్నారు. ఆయన ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. మనవడు పగలబడి నవ్వాడు. మీరూ ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, పొయ్యి మీద ఏదైనా ఉంటే దించుకుని వచ్చి, ఆలోచించి చూడండి.

‘అ’ తిప్పాలి, అందులో పేచీ లేదు. వెనక బేసిసంఖ్య ఉంటే వాడి మాట అబద్ధం. ‘క’ తిప్పక్కర్లేదు, హల్లు గురించి వాడేమీ అనలేదు. ఇక 4. దాని వెనక అచ్చు ఉంటే మంచిదే. హల్లు ఉంటే? ఉంటే ఏమైంది? హల్లు వెనక సరిసంఖ్య ఉండకూడదని వాడన్నాడా? లేదే! కాబట్టి 4 తిప్పి ప్రయోజనం లేదు. తిప్పాల్సింది 7. దాని వెనక అచ్చు గనక ఉంటే వాడి మాట అక్కడే బద్దలవుతుంది. జవాబు: అ, 7.

నేను ఒప్పుకోవడానికి పది నిమిషాలు పట్టింది. మావారికి సాయంత్రం దాకా పట్టింది.

తీరా చూస్తే ఇది మావాడు కనిపెట్టింది కాదు. దీన్ని తయారుచేసినవాడు పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేసేవాడు. 1966లో అచ్చయిన ఒక వ్యాసంలో దీన్ని మొదట వివరించాడు. తర్వాత ఆయనా, ఆయన శిష్యుడు జాన్సన్ లెయిర్డూ కలిసి 1970లో నాలుగు ప్రయోగాల లెక్క ఒకచోట చేర్చారు. మొత్తం 128 మంది. అందులో 59 మంది మా ఇద్దరిలాగే చెప్పారు. 42 మంది ‘అచ్చు ఒక్కటి చాలు’ అన్నారు. సరిగ్గా చెప్పినవాళ్ళు ఎందరనుకున్నారు? అయిదుగురు! వేసన్‌ని ఆశ్చర్యపరిచింది ఈ లెక్క ఒక్కటే కాదు. 7 వెనక అచ్చు ఉందని కళ్ళెదుట తిప్పి చూపించినా, చాలామంది తాము మొదట చెప్పిందే సరైనదని వాదనకి దిగారట. ఇంత చదువుకున్నవాళ్ళే అలా ఉంటే మావారి సంగతి చెప్పేదేముంది, పోనివ్వండి.

ఆ రాత్రి పడుకున్నాక నాకొకటి తట్టింది. ఇంగ్లీషువాళ్ళ ‘ఇఫ్’ విడిగా ఒక మాట. మనకి అలా కాదు, క్రియ చివర చిన్న తోక: ‘తే’. వాన పడితే నేల తడుస్తుంది. దానికి ‘నే’ చేర్చి చూడండి. వాన పడితేనే నేల తడుస్తుంది. ఒక్క అక్షరంతో ప్రపంచం మారిపోయింది. మొదటి వాక్యం ప్రకారం కళ్ళాపి చల్లినా నేల తడవచ్చు. రెండోదాని ప్రకారం కళ్ళాపికి ఆ యోగం లేదు. మనవడు ‘అచ్చు ఉంటే’ అన్నాడు, నేను ‘అచ్చు ఉంటేనే’ అని విన్నాను. అందుకే చెయ్యి 4 మీదికి పోయింది. వాడి నోట్లో లేని ‘నే’ని నా చెవి కలుపుకుంది.

అయితే మనుషులకి ఎప్పుడూ ఇలాగే అవుతుందా? కాదు. 1972లో జాన్సన్ లెయిర్డ్, ఇటలీకి చెందిన లెగ్రెంజి దంపతులూ కలిసి ఇదే చిక్కుని వేషం మార్చి ఇచ్చారు. అంకెలూ అక్షరాలూ లేవు, కవర్లు. “మీరు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మనిషి అనుకోండి. కవరు అంటిస్తే దాని మీద ఎక్కువ ఖరీదు స్టాంపు ఉండాలి. ఏ కవర్లు తిప్పి చూస్తారు?” ఈసారి చాలామంది ఠక్కున సరైన జవాబు చెప్పారు. తర్కం అదే, తేడా వేషంలోనే.

ఈ సంగతి వినగానే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ చదువు అయిదో క్లాసు. ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే శుభలేఖల పని ఆవిడదే. ఆ రోజుల్లో అచ్చువేసిన శుభలేఖని కవర్లో పెట్టి, అంటించకుండా మడత లోపలికి దోపి, పైన ‘బుక్ పోస్ట్’ అని రాస్తే తక్కువ స్టాంపు సరిపోయేది. అంటించారా, మామూలు ఉత్తరం కింద లెక్క. స్టాంపు తక్కువైతే అందుకున్నవాళ్ళ దగ్గర రెట్టింపు వసూలు చేసేవారు. అలా జరిగితే “డబ్బులిచ్చి పుచ్చుకున్నామమ్మా మీ శుభలేఖ” అని పదేళ్ళపాటు ప్రతి పేరంటంలోనూ వినాలి. దగ్గరి చుట్టాలకి లోపల చేత్తో రాసిన ఉత్తరం కూడా పెట్టేవాళ్ళం గనక వాటిని అంటించేవాళ్ళం. పిల్లలం పదిమందిమి కూర్చుని ఒకరు పసుపు పెట్టడం, ఒకరు మడవడం, ఒకరు స్టాంపులు, ఒకరు జిగురు. గందరగోళం.

చివర్న పెద్దమ్మ గంప ముందేసుకుని కూర్చునేది. బోర్లా పడి వీపు కనిపిస్తున్న కవర్లలో అంటించినవాటిని తిప్పి స్టాంపు చూసేది, అంటించనివాటిని పక్కకి తోసేది. వెల్లకిలా ఉన్నవాటిలో చిన్న స్టాంపు ఉన్నవాటిని తిప్పి, ఎవడైనా జిగురు పూశాడేమో చూసేది. పెద్ద స్టాంపు ఉన్నవాటి జోలికి పోయేదే కాదు. “అవీ చూడు పెద్దమ్మా” అంటే, “ఎందుకే, స్టాంపు ఎక్కువైతే డబ్బు మనది పోయింది, పరువు పోలేదుగా” అనేది. 128 మందిలో అయిదుగురికి తట్టిన జవాబు ఆవిడ రెండు వందల కవర్ల మీద పొరపాటు లేకుండా చేసేది.

పెద్దమ్మ ఒక్కతే కాదు లెండి. ఆ కవర్ల చిక్కుని అమెరికా విద్యార్థులకి ఇస్తే వాళ్ళు మళ్ళీ తెల్లమొహం వేశారు, వాళ్ళ దేశంలో అలాంటి పోస్టల్ నియమం లేదు గనక. ఇంగ్లండులోనూ ఆ నియమం గుర్తున్న పెద్దవాళ్ళు చెప్పగలిగారు, కుర్రవాళ్ళు చెప్పలేకపోయారు. 1982లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు “బీరు తాగుతూ ఉంటే పందొమ్మిదేళ్ళు దాటి ఉండాలి” అని మార్చి అడిగితే, అక్కడి పిల్లలు నూటికి డెబ్బైమందికి పైగా సరిగ్గా చెప్పారు. ఎవరి లోకం వారిది! 1989లో లీడా కాస్మిడీస్ అనే ఆవిడ, మనిషి బుర్ర మోసాన్ని పట్టుకోవడానికి తయారైందనీ, మోసం వాసన వస్తే ‘తే’ సరిగ్గా వినిపిస్తుందనీ వాదించింది. అంతకు ముందే, 1985లో, చెంగ్, హోల్యోక్ అనేవాళ్ళు, ఫలానాది చెయ్యాలంటే ఫలానా షరతు ఉంది అన్నది మనం రోజూ మసిలే సంగతి కాబట్టి అక్కడ పొరబడమన్నారు. నేను వీళ్ళ పక్షం. మా పెద్దమ్మ మోసగాళ్ళని పట్టుకోలేదు, మా చేతివాటాన్ని పట్టుకుంది.

ఇంతకీ తర్కమంటే పిలకలు ముడేసుకున్న పండితుల సొత్తని మనలో చాలామందికి భయం. కాని మన తర్కశాస్త్రం ప్రసిద్ధ ఉదాహరణ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? వంటింట్లో! పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు అనే తెలుగువాడు, చదువు మొదలుపెట్టే పిల్లలకి సులువుగా ఉండాలని ‘తర్కసంగ్రహం’ అనే చిన్న పుస్తకం సంస్కృతంలో రాశాడు. ఇప్పటికీ తర్కం నేర్చుకునేవాళ్ళకి అదే పలకా బలపం. అందులో మనిషి వంటిల్లు వంటిచోట్ల మళ్ళీ మళ్ళీ చూసి, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని గ్రహిస్తాడు. తర్వాత దూరాన కొండ మీద పొగ చూసి, అక్కడ నిప్పుందని ఊహిస్తాడు. ఆ వంటింట్లో కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి ఊదుతున్నదెవరో శాస్త్రం చెప్పలేదు గాని, మనకి తెలుసు.

అసలు రుచి తర్వాత ఉంది. ‘పొగ ఉంటే నిప్పు ఉంటుంది’, సరే. తిరగేసి ‘నిప్పు ఉంటే పొగ ఉంటుంది’ అనవచ్చా? కూడదంటాడు. ఎర్రగా కాలిన ఇనప గుండు చూడమంటాడు. నిండా నిప్పే, పొగ లేదు. మరి పొగ ఎప్పుడొస్తుంది? నిప్పుకి తడికట్టె తోడైతే. వానాకాలంలో ఊదుగొట్టంతో కుస్తీపట్టిన మా అమ్మ ఈ మాట ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పేది. ఆ చెప్పకుండా దాగిన తడికట్టెకి శాస్త్రంలో ‘ఉపాధి’ అని పేరు.

అన్నంభట్టు కాశీ వెళ్ళి చదువుకున్నాడంటారు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక నానుడి కూడా పుట్టింది. చూశారా, ఇదీ తిరగేసిన ‘తే’ మీద విసురే.

కాశీ వెళ్ళినా అన్నంభట్టు కాలేకపోవడం ఒక సంగతి. అన్నంభట్టంత చదివినా కాశీ గుమ్మంలో నిలబెట్టడం ఇంకో సంగతి. అది క్రిస్టీన్ లాడ్ కథ. ఆవిడ అమెరికాలో 1847లో పుట్టింది. లెక్కలంటే ప్రాణం. లండను నుంచి వచ్చే ఒక విద్యా పత్రికకి లెక్కల చిక్కులూ వాటి జవాబులూ పంపుతూ ఉండేది. 1878లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పై చదువు కోసం ‘సి. లాడ్’ అన్న సంతకంతో దరఖాస్తు పెట్టింది. అక్కడి గణితాచార్యుడు సిల్వెస్టర్, ఆ పత్రికలో చూసిన పేరు గుర్తుపట్టి సిఫారసు చేశాడు. ఫెలోషిప్పు ఇస్తామని ఉత్తరం వెళ్ళాక తెలిసింది, సి. లాడ్ ఆడమనిషని! ‘ఫెలోషిప్పుకి దరఖాస్తు పెడితే మగవాడై ఉంటాడు’ అని వాళ్ళు వాళ్ళే కట్టుకున్న ‘తే’ అది. ఇచ్చింది వెనక్కి తీసుకోవాలని ధర్మకర్తలు చూశారు. సిల్వెస్టర్ పట్టుబట్టడంతో తరగతుల్లో కూర్చోనిచ్చారు, డబ్బు ఇచ్చారు, ఫెలోల జాబితాలో పేరు మాత్రం వెయ్యలేదు. 1882కల్లా డాక్టరేటుకి కావలసిందంతా పూర్తిచేసింది. ఆడవాళ్ళకి పట్టా ఇచ్చే ఆచారం లేదన్నారు. ఆవిడ చేతికి ఆ పట్టా అందేసరికి 1926 వచ్చింది. నలభైనాలుగేళ్ళు! అప్పటికి ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు.

ఆవిడ సాధించిందేమిటంటే, తర్కంలో తప్పొప్పులు పట్టుకునే ఒక సులువు. మూడు మాటలు కలిసి నిలవలేకపోతే, అందులో ఏ రెండు ఒప్పుకున్నా మూడోది వదులుకోవాలి. మా ఇంటి ఉదాహరణ చెబుతాను. ఒకటి: పిల్లి పాలు తాగితే మూత కిందపడి ఉంటుంది. రెండు: మూత చక్కగా గిన్నె మీదే ఉంది. మూడు: పాలు తాగింది పిల్లి. ఈ మూడూ ఒక ఇంట్లో కాపురం చెయ్యలేవు. మొదటి రెండూ నా కళ్ళతో చూసినవే గనక మూడోది పోయింది. పిల్లి బతికిపోయింది, మనవడు దొరికిపోయాడు.

కాని మూత కిందపడి ఉన్నంత మాత్రాన పిల్లే వచ్చిందనడానికి వీల్లేదు. ఈ తిరగేసే తప్పుని వేరుచేసి చూపించినవాడు గ్రీసు దేశపు అరిస్టాటిల్, క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలో. ఆయన ఇచ్చిన ఉదాహరణలు మూడు. తేనె పచ్చగా ఉంటుంది కదాని, పచ్చగా ఉన్న పైత్యరసాన్ని చూసి తేనె అనుకుంటారట. (తేనె దగ్గరే ‘తేనే’ తప్పు దొర్లడం మన భాషకి దక్కిన తమాషా.) వాన పడితే నేల తడుస్తుంది గనక, నేల తడిగా ఉంటే వాన పడిందనుకుంటారట. మూడో ఉదాహరణ చదివి నేను పుస్తకం మూసేశాను. ఒకడి మీద వ్యభిచారం మోపాలనుకునేవాళ్ళు, వాడు సోకుగా తయారవుతాడనీ, రాత్రిళ్ళు తిరుగుతాడనీ చూపిస్తారట. సోకు చేసుకునేవాళ్ళూ, రాత్రి తిరిగేవాళ్ళూ లోకంలో బోలెడుమంది, ఆ నేరం మాత్రం వాళ్ళది కాదు, అంటాడాయన.

పుస్తకం ఎందుకు మూశానో చెబుతాను. నాకు పెళ్ళికాక ముందు, చదువు కోసం మా పిన్ని ఇంట్లో ఉన్నాను. వరసగా ఆరు వాటాలు, మధ్యలో ఒకటే నుయ్యి. చివరి వాటాలో ఒక అమ్మాయి ఉండేది, ఏదో ఆఫీసులో టైపిస్టు. పొద్దున తొమ్మిదింటికి వెళితే రాత్రి తొమ్మిది దాటాక వచ్చేది. ఆఫీసు అయిదున్నరకే మూస్తారని అందరికీ తెలుసు. ఎవరైనా అడిగితే “పనుందండీ” అని తల వంచుకుని వెళ్ళిపోయేది. నూతి దగ్గర మాటలు మొదలయ్యాయి. తప్పుదారి పట్టిన పిల్లలు ఆలస్యంగా వస్తారు, ఈ పిల్ల ఆలస్యంగా వస్తోంది. తప్పు చేసినవాళ్ళు దాస్తారు, ఈ పిల్ల దాస్తోంది. చూడండి, రెండు ‘తే’లూ ఎంత చక్కగా తిరగబడ్డాయో. అప్పుడు చూడలేదు. నేనూ బిందె పట్టుకుని వింటూ నిలబడ్డదాన్నే.

ఒక ఆదివారం పెద్దమనుషులు ఇద్దరు మా వాటాకి వచ్చారు. ఆ అమ్మాయికి సంబంధం చూస్తున్నారు, మా పిన్నికి దూరపు ఎరిక. పిల్ల ఎలాంటిదని వాకబు. పిన్ని చెడ్డదేమీ కాదు, ఎవరి గురించీ నోరు జారే మనిషి కాదు. ఒక నిట్టూర్పు విడిచి, “మాకేం తెలుసండీ. లోకం అన్నాక పదీ అంటుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు” అంది. అంతే. వాళ్ళు కాఫీ తాగి లేచారు. ఆ కాఫీ గ్లాసులు అందించింది నేనే. మళ్ళీ రాలేదు వాళ్ళు.

పిన్ని చెప్పిన సామెత తర్కంలో తప్పు కాదు. పొగంటూ ఉంటే నిప్పు ఉంటుంది, అన్నంభట్టు కూడా ఒప్పుకుంటాడు. అడగాల్సిన ప్రశ్న వేరు: నూతి దగ్గర లేచింది పొగేనా? ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ సంగతి కూడా విడిచిపెట్టలేదు. దూరాన కనిపించేది పొగో ఆవిరో తేలకుండానే దాన్ని పట్టుకుని నిప్పుందనడం ఒక దోషమన్నాడు. హేతువే నిలబడలేదు గనక దాన్ని ‘అసిద్ధం’ అంటారు.

ఏడాది తర్వాత తెలిసింది. వాళ్ళ నాన్నగారి మీద ప్రామిసరీ నోటు దావా నడుస్తోంది. ప్లీడరుకి ఫీజు ఇచ్చుకోలేక, ఆ ఫీజుకి బదులుగా రోజూ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఆయన కాగితాలు టైపు కొట్టి పెట్టేది. అప్పు సంగతి బయటపడితే పరువు పోతుందని ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు. దావా తేలాక వాళ్ళు ఊరు మారారు.

ఆ అమ్మాయిని ఆ తర్వాత ఒక్కసారే చూశాను, పదేళ్ళకి, ఎవరిదో పెళ్ళిలో. తలలో అక్కడక్కడ నెరుపు. మెళ్ళో సన్నటి గొలుసు తప్ప ఏమీ లేదు. నన్ను గుర్తుపట్టి తనే దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. వాళ్ళ తమ్ముడు ఉద్యోగంలో చేరాడని సంతోషంగా చెప్పింది. లేచి వెళ్ళబోతూ, “మీ పిన్నిగారు బాగున్నారా? ఆ వాటాల్లో నన్ను ఒక్క మాటా అనని మనిషి ఆవిడొక్కరే” అంది.

బాగున్నారన్నాను. అప్పటికి పిన్ని నిజంగానే బాగుంది.